చివరి పేజీ లేని ప్రతి

హుద్‌హుద్ నాడు అల్లిపురంలో
మా అద్దె లైబ్రరీ రేకులు ఎగిరిపోయాయి.
మర్నాడు పుస్తకాలన్నీ డాబా మీద
ఎండుచేపల్లా పరిచాను.
డిటెక్టివ్‌లు ఉబ్బిపోయాయి,
వంటల పుస్తకం ఒకటి దానంతటదే తెరుచుకుని
పెసరట్టు దగ్గర ఆగింది.
ఈ ఒక్క నవలకి మాత్రం
అట్ట పోయింది, పేరు పోయింది,
చివరి పేజీ పోయింది.

కథ మీకు తెలీదు కనక చెప్తాను.
యారాడ కొండ వెనక దిగుతుంది ఓడ.
అందులోంచి వచ్చినదానికి ముఖం లేదు,
ఒళ్లంతా చెవే.
తెల్లారుజామున ఫిషింగ్ హార్బర్లో
వేలంపాట వినీ వినీ మన భాష పట్టేస్తుంది.
అందుకే మనిషితో అది పలికిన తొలి మాట
నమస్కారం కాదు:
"మూడొందల ఎనభై, ఇంకెవరు?"

అక్కడ నవ్వనివాళ్లు లేరు.
రెండొందల పేజీల తర్వాత
అదే మాట మళ్లీ వస్తుంది.
ఈసారి అది అమ్ముతున్నది
తన ఓడని.
తర్వాత పేజీ లేదు.

రాత్రి తొమ్మిదింటికి, షట్టర్ సగం దించాక,
బయట బెంచీ మీద మొదలయ్యేది.
"ఓడ అమ్మీసి వల కొనుక్కుంటాది గురూ,
ఇంకేటి చేస్తాది?" అనేవాడు గనగళ్ల ఎల్లాజీ,
బోటు ఇంజన్ల మెకానిక్;
ప్రతి పేజీ మూలా వాడి గ్రీజు బొటనవేలే.
కేజీహెచ్ నర్సు కరుణమణి తల అడ్డంగా ఊపేది:
"ఎవరూ పాడి ఉండరు.
ఖరీదు కట్టలేనిదాని దగ్గర జనం నోరెత్తరు.
వార్డులో రోజూ చూస్తాను."
కోటవీధి జబీన్ లెక్కల్లో ఎమ్మెస్సీ.
"పాట పాడింది దాని సొంతూరు.
ఆ కబురు ఇక్కడికి చేరాలంటే నలభై ఏళ్లు.
మనం ఆ మధ్యలో కూచున్నాం, అంతే."
పోర్టులో రిటైరైన పాత్రుడు గారు
క్రేన్‌లా నిదానంగా మావైపు తిరిగి
"అది సరే, ఏ బెర్తులో కట్టారమ్మా దాన్ని?" అనేవారు.

అంతలో దాన్ని సినిమా తీశారు.
యారాడ ఏదో మంచుకొండయింది.
హార్బర్ లేదు, పాట లేదు,
పాటలు మాత్రం ఐదున్నాయి.
చెవికి ముఖం తగిలించారు,
నీలం కళ్లు రెండు పెట్టారు,
అవి తడిశాయి కూడా.
చివర్లో హీరో దాన్ని ఓడెక్కించి
చెయ్యి ఊపాడు.

జగదాంబ జంక్షన్లో సెకండ్ షో వదిలాక
అల్లిపురం దాకా నడిచే వచ్చాం.
"చేప కంపు లేని సముద్రం ఏటి సముద్రం?"
ఎల్లాజీ చెప్పు విసిరికొట్టి, మళ్లీ తనే తెచ్చుకున్నాడు.
కరుణమణి మాత్రం గొంతు తగ్గించి
"ఆ కళ్లు చూసి ఏడ్చేశాను" అంది, తప్పు ఒప్పుకున్నట్టు.
"ఓడ బాగా కట్టారు, బరువు తెలిసింది," అన్నారు పాత్రుడు గారు.
జబీన్ ఆయనతో వారం మాట్లాడలేదు.

అప్పుడందరూ నావైపు చూశారు.
పేజీ ఉన్న రోజుల్లో చదివినవాణ్ణి
నేనొక్కణ్ణే.
"అసలేం రాశాడు, చెప్పండి."
గుర్తులేదన్నాను.
అబద్ధం. చెప్తే
బెంచీ ఖాళీ అయిపోతుందని.

నిన్న రాత్రి తాళం వేస్తూ
ఊరికే ఆ పేజీని తల్చుకోబోయాను.
జబీన్ నలభై ఏళ్లు వచ్చాయి.
వార్డులో నోరెత్తని జనం వచ్చారు,
ఎల్లాజీ వల వచ్చింది,
సిగ్గులేకుండా ఆ నీలం కళ్లూ వచ్చాయి.
అచ్చులో ఉన్నది రాలేదు.

ఒక్క అచ్చుతప్పు తప్ప:
పైనుంచి మూడో వరసలో
కెరటం అనాల్సిన చోట 'కెటరం' అని పడింది,
పెన్సిల్‌తో దిద్దాను.
కాబట్టి
అక్కడో కెరటం ఉంది.
అంతవరకు ఖాయం.